లండన్ పాంప్లెట్లలో మన ఆర్కాటు నవాబు అప్పులు: రాజుల కాలంలో అంత ధైర్యంగా ఎట్టా రాసేవాళ్ళు?

కావలి కుర్రోడు:
అందరికీ నమస్తే. హిస్టరీ ఎమ్మే ప్రైవేటుగా కడతా ఉండా. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ అప్పుల గురించి చదవతా ఉంటే, 1785 ఫిబ్రవరిలో ప్రతిపక్షం ఎంపీ ఎడ్మండ్ బర్క్ పార్లమెంటులో గవర్నమెంటుని ఏకి పారేసి, అదే ఏడు ఆ స్పీచిని పుస్తకంగా అచ్చేయించి బజార్లో పెట్టించాడని ఉంది. అప్పుడు నెల్లూరు, ఒంగోలు అంతా నవాబు కిందే గదా, అంటే మన శిస్తు గురించి లండన్లో జనం కొనుక్కోని చదివినారన్నమాట. నా డౌటు ఏందంటే రాజు ఉండే దేశంలో మంత్రుల్ని అట్టా తిడతా అచ్చేస్తే ఊరుకున్నారా? సెన్సారు లేదా? అసలు ఎవురు చదివేవాళ్ళు అవన్నీ? గైడ్లలో రెండు లైన్లకి మించి లేదు, తెలిసినోళ్ళు చెప్పండన్నా.

పెన్న ఒడ్డు మాస్టారు:
మంచి ప్రశ్న నాయనా. అచ్చుకి ముందు పర్మిషన్ తీసుకోవాలనే చట్టం 1695లో గడువైపోయింది, పార్లమెంటు మళ్ళీ పొడిగించలా. అప్పట్నించి ఎవురైనా అచ్చేయొచ్చు, కాకపోతే అచ్చయినాక పట్టుకుంటారు, రాజద్రోహపు రాత అని కేసు పెడతారు. డేనియల్ డీఫో అనే రచయిత ఎగతాళిగా ఒకటి రాస్తే 1703లో మూడు రోజులు బజార్లో బొండకొయ్యలో నిలబెట్టారు, ఆయన తక్కువోడా, ఆ బొండకొయ్య మీదే పద్యం రాసి అమ్మించినాడు. 1712లో స్టాంపు పన్ను పెట్టారు, పేపర్లకీ పాంప్లెట్లకీ (రాజకీయాల మీద వేసే చిన్న పుస్తకాలకీ) అన్నిటికీ, రేటు పెరిగితే నోరు తగ్గుతుందని, కొన్ని పేపర్లు మూతపడ్డాయి గానీ రాసేవాళ్ళు ఆగలా. అందుకే చాలామంది పేరు పెట్టుకోకుండానో దొంగపేరుతోనో రాసేవాళ్ళు, చిక్కేది ఎక్కువగా ప్రింటరే పాపం. 1769 నించి జూనియస్ అని ఒకాయన పేపర్లో రాజునే కడిగేస్తే వుడ్‌ఫాల్ అనే ప్రింటర్ మీద కేసు నడిచింది, జూరీవాళ్ళు "అచ్చేసినాడు, అంతవరకే" అని తీర్పు చెప్పి బయటేశారు. ఆ జూనియస్ ఎవురో అప్పుడు బయటపడనే లేదు.

జాన్ విల్క్స్ అనే ఎంపీ సంగతి మాత్రం వివరంగా చదువుకో, పరీక్షకి కాదు, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. 1763 ఏప్రిల్లో నార్త్ బ్రిటన్ పేపరు 45వ సంచికలో రాజు పార్లమెంటులో చదివిన ప్రసంగాన్నే తప్పుబట్టాడు. మంత్రులు ఏం చేశారంటే ఎవురి పేరూ లేకుండా వారంటు ఒకటి రాసిచ్చి రాసినోడినీ అచ్చేసినోడినీ కనపడినోడినల్లా పట్టకరండన్నారు, నలభైమందికి పైగా లోపలేశారు. కోర్టులో విల్క్స్ ఎదురుతిరిగి నష్టపరిహారం కూడా రాబట్టుకున్నాడు, అట్టాంటి పేర్లు లేని వారంట్లు చెల్లవని తేలిపోయింది. లండన్లో జనం తలుపుల మీద సుద్దముక్కతో 45 అని రాసుకున్నారంటే చూడు! వాళ్ళలో ఓటున్నోళ్ళు ఎంతమందని, చాలా కొద్దిమంది.

చదవడం అంటావా, ఒక పాంప్లెట్టు మామూలుగా షిల్లింగు దాకా ఉండేది, లండన్ కూలోడికి దగ్గర దగ్గర సగం రోజు కూలి, వాడేం కొంటాడు. కాఫీ క్లబ్బులో ఒకడు పైకి చదివితే పదిమంది వినేవాళ్ళు. మన దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడి పుస్తకంలో సీతమ్మ కథ వినే గదా సారా అంగడి మీదికి పోయింది, అట్టా.

ట్రంకురోడ్డు:
అంతా బానే ఉంది సార్ గానీ వాళ్ళని మరీ ఎత్తేయబాకండి. సగం మంది పెయిడ్ బ్యాచ్చే. ప్రధానమంత్రి వాల్పోల్ దిగిపోయినాక 1742లో పార్లమెంటు కమిటీ లెక్కతీస్తే పదేళ్ళలో రాతగాళ్ళకీ ప్రింటర్లకీ గవర్నమెంటు డబ్బు 50,000 పౌండ్ల పైనే పోయినట్టు తేలింది. ఇప్పటి ఐటీ సెల్లు కొత్తదేం కాదు 😀

ఒంగోలు నుంచి అక్క:
ట్రంకురోడ్డు తమ్ముడు చెప్పింది మన నవాబుకి కూడా వర్తిస్తుంది. తంజావూరు తనకే కావాలని మహమ్మదాలీ, తిరిగి ఇవ్వాలని తంజావూరు రాజు వైపోళ్ళు, ఈ గొడవలోనే మద్రాసు గవర్నరు పిగట్‌ని సొంత కౌన్సిలు మెంబర్లే 1776లో అరెస్టు చేయించారు, మరుసటేడు ఆయన నిర్బంధంలోనే పోయినాడు. దాంతో లండన్లో పాంప్లెట్ల యుద్ధం. నవాబు తరపున అక్కడ రాసిపెట్టింది జేమ్స్ మాక్‌ఫర్సన్, ఒషియన్ అనే పాతకాలపు కవి పద్యాలు దొరికాయని పేరు తెచ్చుకున్నాయన, తర్వాత నవాబుకి లండన్ ఏజెంటు అయ్యాడు, పార్లమెంటుకీ పోయాడు. సరే అటుపక్క? తంజావూరు రాజు ఏజెంటు విలియం బర్క్, మన ఎడ్మండ్ బర్క్‌కి బంధువూ ప్రాణస్నేహితుడూ. అందుకని బర్క్ చెప్పింది అబద్ధమని నేననను, కానీ ధర్మరాజు అనుకోని చదవకు.

అసలు గొడవ ఏందంటే మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులే నవాబుకి వడ్డీకి అప్పులిచ్చినారు, కొన్ని నిజం అప్పులు, కొన్ని కాగితం అప్పులని బర్క్ వాదన. కంపెనీ మీద గవర్నమెంటు పెట్టిన బోర్డులో పెద్దమనిషి డండాస్ విచారణ లేకుండా అన్నీ తీర్చేయమని ఆర్డరేశాడు, కర్ణాటక (ఇప్పటి రాష్ట్రం కాదు, నవాబు ఏలిన సీమ) శిస్తులోంచి ఏడాదికి 4,80,000 పౌండ్లు. ఆ అప్పులోళ్ళలో పెద్దాయన పాల్ బెన్‌ఫీల్డ్, తనతో కలిపి ఎనిమిది మంది ఎంపీల్ని తయారుచేసుకున్నాడని బర్క్ సభలోనే అన్నాడు. మన రైతు కట్టిన శిస్తు అటుపోయి పార్లమెంటు సీటై కూర్చునిందన్నమాట. నవాబుకి ఏజెంటు ఉన్నాడు, రాజుకి ఏజెంటు ఉన్నాడు, అప్పులోళ్ళకి ఎంపీలే ఉన్నారు, ఉదయగిరి తట్టు రైతుకి ఒక్క కాగితం ముక్క రాసిపెట్టేవాడు లేడు, నాకు మండేది అక్కడ.

కావలి కుర్రోడు:
అక్కా సూపర్. ఇంకొక్కటి, పార్లమెంటులో మాట్లాడింది బయట అచ్చేయొచ్చా అప్పట్లో? కూడదని ఎక్కడో చదివినట్టు గుర్తు.

పెన్న ఒడ్డు మాస్టారు:
కూడదనే 1738లో కామన్స్ సభ గట్టిగా తీర్మానం చేసింది. పత్రికలోళ్ళు ఊరుకుంటారా, జెంటిల్‌మన్స్ మ్యాగజైన్లో లిల్లిపుట్ దేశపు సభ అని పేరుమార్చి వేసేవాళ్ళు, శామ్యూల్ జాన్సన్ సభకి పోకుండానే చాలా ప్రసంగాలు ఇంట్లో కూర్చోని అల్లాడు. 1771లో ప్రింటర్ల మీదికి సభ మనిషిని పంపితే లండన్ మేయరు బ్రాస్ క్రాస్బీ అడ్డంపడి టవర్ జైలుకి పోయినాడు, ఊరంతా ఆయన వెనకే. ఆ తర్వాత సభ ఇంక పట్టించుకోవడం మానేసింది. సభ్యుడు తన స్పీచి తానే అచ్చేయించుకోవడం వేరే, బర్క్ అదే చేశాడు. ఆరోజు ఆయన గంటల తరబడి మాట్లాడితే ప్రధానమంత్రి పిట్ పక్కనున్న తోటి ఎంపీ గ్రెన్‌విల్‌తో గుసగుసలాడి, జవాబు అక్కర్లేదని ఇద్దరూ అనుకోని మెదలకుండా కూర్చున్నారు, ఓటింగులో బర్క్ పక్షం ఓడిపోయింది. లోపల జవాబు దొరకనోడు బయటికొచ్చి అచ్చేసుకున్నాడు, అంతే.

ఒంగోలు నుంచి అక్క:
అవును, ఆ పుస్తకం వెనకాల అనుబంధంలో కంపెనీ కాగితాలు కూడా కలిపాడు. స్పీచి మొదట్లో పొడుగు వాక్యాలకి భయపడి ఆపేయబాకు, ముందు ఆ కాగితాలు చూసి తర్వాత స్పీచికి రా, పేర్లు అప్పుడు అర్థమవుతాయి.