పబ్లిక్ గార్డెన్స్‌లో వేపపువ్వు కోయొచ్చా?

ఉదయపు నడక:
ఉగాదికి రెండు రోజుల ముందు సంగతి. పొద్దున ఆరున్నరకి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, జూబ్లీ హాల్ వైపు బెంచీ మీద కూర్చున్నా. కోకిల కూస్తోంది, కింద సన్నగా రాలిన వేపపువ్వు, తేనె వాసన. ఇంతలో ఫట్‌మని కొమ్మ విరిగింది. ఓ పెద్దావిడ దోటితో రెమ్మలు లాగి గోనెసంచిలో కుక్కుతోంది. అందరి తోటలో ఇలా కోయొచ్చా?

చింతచిగురు:
కోయకపోతే పచ్చట్లో ఏం వేస్తారు, కాకరకాయా?

మూసీగట్టు:
కోయకూడదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి ఎండుకొచ్చాయి, గుర్తుందా? ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు. మా ఇంటిముందు చెట్టు చచ్చిందనే అనుకున్నాం. ఎండాకాలం మొదట్లో రాగిరంగు చిగురేసింది. అయినా మా ఓనరు కారు పెట్టుకోడానికి కొట్టించేశాడు. పదిరోజుల చిగురండీ అది!

పాతబస్తీ:
మీ ఓనరు కారుకీ ఈ నాలుగు రెమ్మలకీ ఏం సంబంధం? ఎలాగూ రాలిపోయే పువ్వే కదా.

మూసీగట్టు:
రాలిందే ఏరుకోమంటున్నా. మా నాయనమ్మ ముందురోజు రాత్రి చెట్టుకింద పాత చీర పరిచేది. తెల్లారి చెరిగితే గిద్దెడు పువ్వు. దోటి ఎందుకు?

చింతచిగురు:
ఇప్పుడు చీర పరిస్తే వాకర్లు దానిమీదే నడిచిపోతారు.

ఉదయపు నడక:
చీర సంగతి నేనడగలేదు.

జొన్నకంకి:
మీ ఇంట్లో పచ్చడికి పువ్వు ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?

ఉదయపు నడక:
అక్కణ్ణుంచే, పిడికెడు తీసుకున్నా. నేను కొమ్మలేం విరవలేదు.

జొన్నకంకి:
ఓహో. మీరు తీసుకుంటే ఆచారం, ఆమె కోస్తే దొంగతనం.

ఉదయపు నడక:
మాటలు జాగ్రత్త. దొంగతనం అని నేననలేదు. ఆవిడ అమ్ముకోడానికి కోస్తోంది. ఇంటికి పిడికెడు వేరు, సంచులకొద్దీ బేరం వేరు. అందుకే వాచ్‌మన్‌ని పిలిచా.

పాతబస్తీ:
వాచ్‌మన్‌ని పిలిచారా? మొదటి పోస్టులో ఆ ముక్క లేదే!

జొన్నకంకి:
మా అమ్మ ఇరవై ఏళ్లు ఉగాదికి మామిడాకులు, వేపపువ్వు అమ్మింది. మూడింటికి లేచి, పూత ఉన్న చెట్టు కోసం వీధులన్నీ తిరిగేది. రెండ్రోజులే ఆ బేరం. పండగ దాటితే వాడిపోయిన పువ్వు ఎవరూ అడగరు. పది రూపాయల పొట్లాన్ని ఐదుకిమ్మని గీసిగీసి అడిగేవాళ్లు కూడా మీలాంటి వాకర్లే. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తుకి పువ్వు దానంతటది నడిచి రాదు సార్.

మూసీగట్టు:
అమ్మడం మీద నాకు పేచీ లేదు. విరవకుండా కత్తెరతో కోయమనండి.

జొన్నకంకి:
కత్తెర మీరు కొనిస్తారా?

ఉదయపు నడక:
వాచ్‌మన్ వస్తుంటే ఆవిడ సంచి అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. నాకూ ఏదోలా అనిపించింది, కాదనను. కానీ రూలంటూ ఒకటుండాలిగా.

చింతచిగురు:
మరి సంచిలో పువ్వు ఏమైంది?

ఉదయపు నడక:
వాకర్లం తలా కాస్త పంచుకున్నాం.