తరగతి గదిలో తెర వచ్చాక మీ పాఠం ఎలా మారింది? అనుభవాలు పంచుకోండి

డిండి గట్టు

అందరికీ నమస్కారం. దేవరకొండ వైపు ఒక డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతున్నాను. పదకొండేళ్లు నల్లబల్ల మీదే గడిచాయి. నిరుడు మా గదిలో వేలితో తాకి రాసే పెద్ద తెర బిగించారు. ఎంతో సంతోషించి, వేసవి సెలవులన్నీ కూర్చుని కర్బన రసాయనం మొత్తానికి స్లైడ్లు తయారు చేశాను. ఒక్క బెంజీన్‌కే అరవై నాలుగు వచ్చాయి. కాలేజీ తెరిచినప్పటి నుంచి వాటితోనే చెప్పాను. గది నిశ్శబ్దంగా ఉండేది. పిల్లలు శ్రద్ధగా వింటున్నారనుకున్నాను.

మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే మనసు కలుక్కుమంది. బెంజీన్ నైట్రేషన్, అంటే బెంజీన్‌కు నైట్రో సమూహం చేరే చర్య, ఎలా జరుగుతుందో, ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో బాణాలు గీసి చూపమని అడిగాను. నా స్లైడులోని నిర్వచనాన్ని పొల్లు పోకుండా దించేసి, బాణాలు గీయాల్సిన చోటు ఖాళీగా వదిలేశారు. ఒకరిద్దరు కాదు, తరగతిలో ఎక్కువ మంది. బల్ల మీద చెప్పిన ఏళ్లలో ఇలా ఎన్నడూ జరగలేదు.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చెప్పేవాళ్లు, చదువుకునేవాళ్లు మీ అనుభవం రాయండి. ఏ పరికరం కొన్నారన్నది కాదు, దానితో ఏం చేస్తే పిల్లలకు అర్థమైందో చెప్పండి.

పిల్లలమర్రి నీడ

సార్, నేను గణితం చెబుతాను. అయిదేళ్ల క్రితం సరిగ్గా ఇదే దెబ్బ తిన్నాను.

బల్ల మీద మీరు బాణం గీసేటప్పుడు పిల్లలు మీ చేతిని చూస్తారు. అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, మీరు ఎక్కడ ఒక్క క్షణం ఆలోచించారో అన్నీ కనిపిస్తాయి. మీ చేయి ఎంత వేగంతో కదిలితే వాళ్ల చేయి నోట్‌బుక్కులో అంత వేగంతో కదులుతుంది. స్లైడులో బాణం ముందే గీసి ఉంటుంది. అది ఎలా పుట్టిందో చూసే అవకాశం వాళ్లకు లేకుండా పోయింది. అరవై నాలుగు స్లైడ్లు యాభై నిమిషాల్లో నడిపితే ఒక్కోదానికి నిమిషం కూడా రాదు.

నేను చేసిన మార్పు చిన్నది. స్లైడులో ప్రశ్న, బొమ్మ మాత్రమే ఉంచుతాను, సాధన ఉంచను. దానిని తెర మీద పెన్నుతో వాళ్ల ఎదుటే రాస్తాను. గ్రాఫులు గీసి కదిలించి చూపే జియోజీబ్రా సాఫ్ట్‌వేర్‌ను మాత్రం వదలను. ప్రమేయంలో ఒక గుణకాన్ని జరిపితే వక్రరేఖ ఎలా వంగుతుందో సుద్దముక్కతో చూపలేము. ఆ పనికి తెర కావాలి, సాధనకు చేయి కావాలి.

ఇంకొకటి. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది, చూడండి. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. గళ్ల గుర్తు అచ్చువేసిన అట్టముక్క ఒక్కొక్కరికి ఇస్తాము. తమ జవాబుకు తగిన అంచు పైకి వచ్చేలా పట్టుకుంటారు. మీ ఫోను కెమెరాతో గదిని ఒకసారి చూపితే ఎవరు ఏది ఎంచుకున్నారో వచ్చేస్తుంది. పక్కవాడి జవాబు చూసి మార్చుకునే వీలు లేదు, ఎందుకంటే ఏ ఇద్దరి అట్టా ఒకలా ఉండదు.

నల్లమల పిల్ల

నేను ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం. మాది అమ్రాబాద్ వైపు ఊరు. వారం రోజులూ హాస్టల్లో ఉంటాను, శనివారం ఇంటికి వెళతాను. విద్యార్థుల వైపు నుంచి రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

స్లైడ్లు గ్రూపులో పెడతారని తెలియగానే మేము రాసుకోవడం మానేస్తాం. తరగతిలో నిశ్శబ్దానికి అదొక కారణం సార్. తర్వాత చదువుకుందాంలే అనుకుంటాం. ఆ తర్వాత వచ్చేది పరీక్ష ముందు రోజే. ఫైలు ఒక్కోసారి నలభై ఎంబీ ఉంటుంది. మా ఊళ్లో సిగ్నల్ ఇంటి వెనక గుట్ట ఎక్కితేనే వస్తుంది. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, అది తమ్ముడి దగ్గర ఉంటుంది. పైగా నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమం. ఇంగ్లిషులో ఉన్న స్లైడు చదివితే మాటలు గుర్తుంటాయి, విషయం గుర్తుండదు.

మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడమ్ ఒక పని చేసేవారు. పాఠం అయిన రోజు సాయంత్రం ఎనిమిది నిమిషాల ఆడియో పంపేవారు. తెలుగులో, మాతో మాట్లాడుతున్నట్టే ఉండేది. వీడియోతో పోలిస్తే దానికి డేటా ఎంతో తక్కువ. అచ్చంపేటలో దింపుకొని ఘాట్ ఎక్కే బస్సులో వినేదాన్ని. ఆ పాఠాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

పాత రేడియో

అమ్మా, నీ మాట విని ప్రాణం లేచి వచ్చింది. నేను పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది.

ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. ఈనాటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమే అది. పాఠాలు రేడియోలో వచ్చేవి. 1984 నుంచి దూరదర్శన్‌లో యూజీసీ వారి పాఠాలు వచ్చేవి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్లినప్పుడు, చదువు కోసమే ఒక ఉపగ్రహం అని మేము పొంగిపోయాం. కళాశాల మిద్దె మీద గిన్నెలాంటి డిష్ యాంటెన్నా బిగించారు. ప్రభుత్వ విద్యా ఛానెల్ ‘మన టీవీ’ పాఠాలూ ఉపగ్రహం ద్వారానే వచ్చేవి, ఆ ఛానెల్‌నే 2017లో టీ-శాట్‌గా మార్చారు. ఈ జిల్లాలకు అప్పట్లో సొంత విశ్వవిద్యాలయమే లేదు. నల్గొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. కాబట్టి హైదరాబాదు ఆచార్యుడి ముఖం మా గదిలో కనిపించడమే మాకు గొప్ప.

అయితే పాఠం మధ్యలో ఫోను చేసి సందేహం అడగమంటే మా పిల్లలు నోరు విప్పేవాళ్లు కాదు. తెలియనివారిని, అందరూ వింటుండగా, తెలుగులో అడగవచ్చో లేదో అన్న బెరుకు. నేను ముందురోజే చిన్న కాగితాలు పంచి, పేరు లేకుండా ప్రశ్నలు రాయించేవాడిని. వాటిని నేనే చదివి అడిగేవాడిని. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఒక సంచిలో ఉన్నాయి. పాఠాలు పోయాయి, ప్రశ్నలు మిగిలాయి.

కోయిల్‌సాగర్ కాలువ

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నాది వేరే బాధ. నేను పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. రెండు కళాశాలల్లో వారానికి ఇరవై ఆరు గంటలు చెబుతాను. ఆడియో చేయడానికి, అట్టముక్కలు కత్తిరించడానికి గంట ఎక్కడి నుంచి తేవాలి? ఒక చోట ప్రతి తరగతికీ ఫోటో తీసి, సమయం, స్థలం పడేలా యాప్‌లో ఎక్కించమంటారు. గంటలో పది నిమిషాలు దానికే పోతాయి. ఆ పది నిమిషాలు నాకు తిరిగి ఇస్తే అదే పెద్ద సాంకేతిక సాయం.

గద్వాల కోట

అసలు ప్రతి ఒక్కరూ స్లైడ్లు, ఆడియోలు ఎందుకు తయారు చేయాలి? ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్ పేరుతో 2003 నుంచి ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం 2017లో వచ్చింది. యూజీసీ 2021లో సెమిస్టరు కోర్సుల్లో నలభై శాతం దాకా స్వయంలో చేసుకోవచ్చని చెప్పింది. మనకన్నా బాగా చెప్పేవాళ్లు అక్కడ ఉన్నారు. పిల్లల్ని అక్కడికి పంపడమే న్యాయం.

పిల్లలమర్రి నీడ

గద్వాల కోట గారూ, నేను పంపి చూశాను. ముప్పై ఒక్క మంది చేరారు, మూడో వారం అసైన్‌మెంట్ దగ్గర నలుగురు మిగిలారు. పాఠాలు గొప్పవే, అందులో సందేహం లేదు. కానీ ఆ ఇంగ్లిషు వేగం, ఒంటరిగా కూర్చుని వినడం రెండూ కలిసి వాళ్లను ఆపేశాయి. మరుసటి ఏడాది శనివారం మధ్యాహ్నాలు కంప్యూటర్ ల్యాబులో అందరం కలిసి చూశాం. పది నిమిషాలకు ఒకసారి ఆపి, ఇప్పటిదాకా ఏం చెప్పారో తెలుగులో ఒకరు చెప్పాలి. పన్నెండు మంది పరీక్ష రాశారు. తమకు ఐఐటీ పాఠం అర్థమైందన్న ధీమా ఆ పన్నెండు మందిలో కనిపించింది. అది మార్కుల కన్నా విలువైనది.

ఉదయసముద్రం

నల్గొండ నుంచి. పర్యావరణ రసాయనం చెబుతాను. మా దగ్గర ఫలించినది ఒకటి వివరంగా రాస్తాను.

ఫ్లోరైడ్ గురించి మన జిల్లాలో ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రతి విద్యార్థీ పరీక్షలో రాస్తాడు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వారు మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ఇంతా చదివి, తమ ఇంటి బోరులో ఎంత ఉందో ఒక్కరికీ తెలియదు.

దసరా సెలవులకు వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి రెండు ప్లాస్టిక్ సీసాలు ఇచ్చాను. ఇంటి బోరు నీళ్లు ఒకదానిలో, ఊరి మరో బోరు నీళ్లు ఇంకోదానిలో తెమ్మన్నాను. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి, బోరు ఎన్ని అడుగులో పెద్దవాళ్లను అడగాలి. తిరిగి వచ్చాక ఎలక్ట్రోడుతో కొలిచి, అందరూ ఒకే స్ప్రెడ్‌షీటులో నింపారు. ఆ పట్టికను ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేసి మ్యాపుగా తెర మీద చూపాం.

ఆ గంట నేను మాట్లాడలేదు. ఒకే ఊళ్లో రెండు బోర్లకు అంత తేడా ఎందుకని ఒక అమ్మాయి లేచి అడిగింది. లోతు వల్ల అని ఒకరు, రాయి వల్ల అని ఒకరు. భూగర్భ శాస్త్రం వాళ్లను పిలుద్దామన్నారు, పిలిచాం. గ్రానైట్ రాయిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుందో అక్కడి నుంచి వచ్చిన అధ్యాపకుడు అరగంట చెప్పారు. అది మా సిలబస్‌లో రెండు వాక్యాలు.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. ఒక విద్యార్థి 0.9కి బదులు 9 అని నింపాడు. మ్యాపులో ఆ ఊరి మీద పెద్ద ఎర్ర చుక్క పడింది. ఆ ఊరి పిల్లవాడు భయపడి ఇంటికి ఫోను చేశాడు. ఆ సాయంత్రం మళ్లీ కొలిచి చూపేదాకా వాడు కుదుటపడలేదు. అప్పటి నుంచి ప్రతి అంకెనూ ఇద్దరు సరిచూడనిదే తెర మీదికి రానివ్వను.

పుస్తకాల బీరువా

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తాను. పాఠం చెప్పేవాళ్లందరికీ ఒక విన్నపం.

మా దగ్గరికి చూపు లేని విద్యార్థి ఒకరు వచ్చేవారు. చరిత్ర, తెలుగు మాధ్యమం. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వేసి ఇచ్చాం. అది ఉచితం, తెరపై ఉన్న తెలుగును చదివి వినిపిస్తుంది. ఆయన ఎంత సంబరపడ్డారో. తర్వాత డిపార్టుమెంట్ నోట్సు తెరిచాం. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ నోట్సు అను ఫాంటులో టైపు చేసినవి. కంటికి తెలుగులా కనిపిస్తాయి కానీ లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. కంప్యూటర్ ఆ సంకేతాలనే చదివింది. మిగిలినవి స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిలో అక్షరాలే ఉండవు, కాగితం ఫోటో ఉంటుంది.

మూడు వారాలు కూర్చుని ఒక పేపరు నోట్సును, ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాం. స్కాన్ పేజీలకు టెస్సరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలు గుర్తించి, తప్పులు చేత్తో దిద్దాం. ఒత్తుల దగ్గర చాలా తప్పులు వచ్చాయి. ఆ తర్వాత మాకు తెలిసింది ఏమిటంటే, చూపు ఉన్న పిల్లలు కూడా ఆ ఫైలే అడిగి తీసుకుంటున్నారు. అందులో మాట వెతకవచ్చు, చిన్న ఫోనులో అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఫైలు బరువు తక్కువ.

దయచేసి ఈ సెమిస్టరు నుంచి కొత్తగా టైపు చేసే ప్రతి పేజీ యూనికోడ్‌లో చేయండి. టైపు చేసేవారికి అలవాటు లేదంటే మా దగ్గరికి పంపండి, నేర్పిస్తాం.

డిండి గట్టు

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. చెప్పినవాటిలో రెండు చేశాను.

స్లైడ్లు అరవై నాలుగు నుంచి తొమ్మిదికి తగ్గించాను. వాటిలో ఒక్క బాణమూ లేదు. అట్టముక్కలు కూడా అచ్చువేయించాను. నైట్రేషన్‌లో బాణం ఎక్కడ మొదలవుతుందని అడిగాను. యాభై ఎనిమిది మందిలో నలభై ఒక్కరు నైట్రోనియం అయాన్ నుంచి అన్నారు. ఎలక్ట్రాన్లు ఉన్నది బెంజీన్ వలయంలో, బాణం అక్కడి నుంచి బయలుదేరాలి. దాడి చేసేది నైట్రోనియం అని నేనే పదేపదే చెప్పాను కదా, దాడి చేసేవాడి దగ్గరే బాణం మొదలవుతుందని వాళ్లు అనుకున్నారు. నా మాటే వాళ్లను తప్పుదారి పట్టించిందని పదకొండేళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు కరెంటు పోయింది. మిగతా పాఠం బల్ల మీదే చెప్పాను, ఎవరూ కదలలేదు.

కోయిల్‌సాగర్ కాలువ గారూ, అట్టముక్కల ఫైలు మీకు పంపుతాను, కత్తిరించే పని పిల్లలే ఇష్టంగా చేశారు. బీరువా గారూ, మా టైపిస్టును వచ్చే సోమవారం మీ దగ్గరికి పంపవచ్చా?

నల్లమల పిల్లా, ఇక ఆడియో మొదలుపెడుతున్నాను. ఎనిమిది నిమిషాలు సరిపోతాయా అమ్మా?

నల్లమల పిల్ల

సరిపోతాయి సార్. చివర ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా ఆపేయండి. మా మేడమ్ అలాగే చేసేవారు. బస్సు దిగేదాకా దాని గురించే ఆలోచించేవాళ్లం.