ఐరన్-బిపిమెన్ కాంప్లెక్స్: సైక్లోహెక్సేన్ నుంచి ఆల్కహాల్, కీటోన్ దాదాపు సమానంగా వస్తున్నాయి. లోపం లిగాండ్‌దేనా?

నాన్‌హీమ్_కొత్త
నమస్తే అండీ. హీమ్ (ఐరన్‌ని పట్టుకునే పోర్ఫిరిన్ వలయం) లేని ఐరన్ ఎంజైముల నమూనాగా బిపిమెన్ లిగాండ్‌తో (నాలుగు నైట్రోజన్లతో లోహాన్ని పట్టుకునే అణువు) ఐరన్-2 డైక్లోరైడ్ కాంప్లెక్స్ చేశాం, పసుపు పొడి. 10 మైక్రోమోల్ కాంప్లెక్స్, 1 మిల్లీమోల్ సైక్లోహెక్సేన్, ఎసిటోనైట్రైల్, గది ఉష్ణోగ్రత. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.1 మి.లీ. ఒకేసారి పోస్తే బుస్సున నురగ వచ్చి ద్రావణం తుప్పు రంగుకి తిరిగింది. జీసీలో (గ్యాస్ క్రొమాటోగ్రఫీ) ఆల్కహాల్/కీటోన్ నిష్పత్తి 1.2. ఇదే లిగాండ్‌కి 8 దాకా వస్తుందని చదివాను. పిరిడిన్ 6వ స్థానంలో మిథైల్ పెడితే మెరుగుపడుతుందా?

ఖాళీ_స్థానం
లిగాండ్ మీద అనుమానం తర్వాత. ముందు క్లోరైడ్‌నీ, పెరాక్సైడ్ పోసిన తీరునీ చూడండి.

రీస్కే డైఆక్సిజనేజ్ అనే హీమ్ లేని ఐరన్ ఎంజైములో రెండు హిస్టిడిన్లు, ఒక ఆస్పార్టేట్ (అమైనో ఆమ్లాలు) ఐరన్‌ని ఒక ముఖం వైపు నుంచి పట్టుకుంటాయి. ఎదుటి వైపు ఆక్సిజన్‌కి, నీటికి వదిలేస్తాయి. బిపిమెన్‌లోని నాలుగు నైట్రోజన్లు కూర్చున్నాక కూడా పక్కపక్కన రెండు స్థానాలు మిగులుతాయి. మనం ఎంజైము నుంచి తీసుకున్నది ప్రధానంగా ఆ రెండు ఖాళీలే. మీ కాంప్లెక్స్‌లో రెండింటినీ క్లోరైడ్లు ఆక్రమించాయి. పెరాక్సైడ్‌కి లోపల చోటు లేక చాలామటుకు ఫెంటన్ దారి (ఐరన్ పెరాక్సైడ్‌ని హైడ్రాక్సిల్ రాడికల్‌గా విరగ్గొట్టే చర్య) పట్టింది. హైడ్రాక్సిల్ రాడికల్ హైడ్రోజన్‌ని లాగేస్తే మిగిలే ఆల్కైల్ రాడికల్ ఆక్సిజన్‌ని తగిలించుకుని పెరాక్సిల్ రాడికల్ అవుతుంది. అలాంటివి రెండు ఢీకొంటే ఒక ఆల్కహాల్, ఒక కీటోన్. మీ 1.2 అక్కడిదే. నురగేమో పెరాక్సైడ్ కెటలేజ్ ఎంజైము తరహాలో నీరు, ఆక్సిజన్‌గా విడిపోవడం. అంటే ఆ ఆక్సిజన్ కూడా రాడికల్‌కే మేత.

క్లోరైడ్ తీయడానికి: ఆర్గాన్ కింద, చీకట్లో, పొడి ఎసిటోనైట్రైల్‌లో 397 మి.గ్రా. డైక్లోరైడ్‌కి 687 మి.గ్రా. సిల్వర్ హెక్సాఫ్లోరోయాంటిమొనేట్ (1 : 2 మోల్). రాత్రంతా కలిపి సీలైట్ (వడపోత మట్టి) మీదుగా, తర్వాత 0.2 మైక్రాన్ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ఫిల్టర్‌లో వడకట్టండి. సిల్వర్ ఒక పిసరు తక్కువైనా సర్దుకోవచ్చు, ఎక్కువైతే మాత్రం ఐరన్‌ని ఆక్సీకరించే ప్రమాదం ఉంది. నన్నడిగితే ఈ తంటా లేకుండా ఐరన్ ట్రైఫ్లేట్ బిస్ఎసిటోనైట్రైల్ 436 మి.గ్రా., లిగాండ్ 270 మి.గ్రా. నేరుగా కలిపేయడమే మేలు. పెర్‌క్లోరేట్ లవణం జోలికి పోకండి, ఎండబెట్టినప్పుడు పేలే ప్రమాదం ఉంది.

ప్రయోగం నిష్పత్తి 1 : 10 : 1000 (ఐరన్ : పెరాక్సైడ్ : సైక్లోహెక్సేన్). ట్రైఫ్లేట్ కాంప్లెక్స్ 13.1 మి.గ్రా. 10 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో కరిగించి అందులో 1 మి.లీ. తీసుకోండి, 2.1 మైక్రోమోల్. సైక్లోహెక్సేన్ 0.23 మి.లీ. కలిపి ఎసిటోనైట్రైల్‌తో 2.7 మి.లీ.కి తేవాలి. 30 శాతం పెరాక్సైడ్ 71 మైక్రోలీటర్లను 10 మి.లీ. ఎసిటోనైట్రైల్‌లో పలచన చేస్తే సుమారు 70 మిల్లీమోలార్. దీన్ని 0.3 మి.లీ. సిరింజ్ పంప్‌తో గంటకు 0.6 మి.లీ. వేగంతో, అరగంట పాటు ఇవ్వండి. ఉక్కు సూది వద్దు, పీటీఎఫ్ఈ గొట్టం వాడండి. ఎంజైము తనకి కావలసిన ఎలక్ట్రాన్లని లెక్క ప్రకారం అందుకుంటుంది. మన దగ్గర ఆ లెక్క చూసేది పంపే.

పెరాక్సైడ్ సీసా మీద 30 అని ఉన్నంత మాత్రాన 30 ఉండదు, ఎండాకాలంలో మరీను. పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేశాకే వాడండి, 5 పెరాక్సైడ్‌కి 2 పర్మాంగనేట్.

ఫాస్ఫీన్_చెంచా
జీసీ అంకెని కూడా వెంటనే నమ్మకండి. సైక్లోహెక్సైల్ హైడ్రోపెరాక్సైడ్ ఉంటే వేడి ఇంజెక్టర్‌లో విరిగి ఆల్కహాల్‌గా, కీటోన్‌గా కనబడుతుంది. నమూనాని రెండు వయల్స్‌లో పంచి, ఒకదానిలో ట్రైఫెనైల్‌ఫాస్ఫీన్ 10 మి.గ్రా. వేసి 20 నిమిషాలు ఆగి రెండూ ఎక్కించండి. ఫాస్ఫీన్ వేసిన దాంట్లో కీటోన్ తగ్గి ఆల్కహాల్ పెరిగిందంటే అది హైడ్రోపెరాక్సైడ్, అంటే స్వేచ్ఛా రాడికల్ దారి. ఇంజెక్ట్ చేసే ముందు ఐరన్‌ని చిన్న సిలికా ప్లగ్‌లో ఆపేయాలి.

ఇంకోటి, గాజుసామాను అసిటోన్‌తో కడిగితే పూర్తిగా ఆరబెట్టండి. ఆమ్లం, పెరాక్సైడ్, అసిటోన్ కలిస్తే పేలే పెరాక్సైడ్ తయారవుతుంది. పెరాక్సైడ్ మిగిలిన ద్రావణాన్ని రోటావేపర్‌కి (ద్రావణిని ఆవిరి చేసే యంత్రం) ఎక్కించకూడదు.

నాన్‌హీమ్_కొత్త
చాలా థాంక్స్ అండీ. మరి 6-మిథైల్ సంగతి?

ఖాళీ_స్థానం
మీ పనికి అది ఎదురు తిరుగుతుంది. 6వ స్థానంలోని మిథైల్ లోహానికి అడ్డుపడి ఐరన్-నైట్రోజన్ బంధాలని సాగదీస్తుంది, ఐరన్ హై-స్పిన్‌లో (ఎలక్ట్రాన్లు వీలైనంత జతకట్టని స్థితి) ఉండిపోతుంది. ఐరన్-3 హైడ్రోపెరాక్సో లో-స్పిన్‌లో ఉంటేనే ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం బలహీనపడి ఐరన్-5 ఆక్సో వైపు వెళ్తుంది. టీపీఏ అనే మరో నాలుగు నైట్రోజన్ల లిగాండ్‌కి మూడు మిథైళ్లు పెట్టిన రకంలో సైక్లోహెక్సేన్ ఆల్కహాల్/కీటోన్ నిష్పత్తి 5 నుంచి 2కి పడిపోయింది. ఆల్కీన్‌ని సిస్-డయోల్ చేయాలంటే మాత్రం ఆ రకమే కావాలి.

మార్చాలనుకుంటే వెన్నెముకని బిగించండి. ఇథిలీన్‌డయమీన్ బదులు సైక్లోహెక్సేన్‌డయమీన్ పెడితే సిస్-ఆల్ఫా, సిస్-బీటా అమరికలు (లిగాండ్ ఐరన్ చుట్టూ చుట్టుకునే రెండు తీర్లు) రెండూ సాధ్యం. పని బాగా చేసేది ఆల్ఫా. బైపిరోలిడిన్ పెట్టి సిస్-ఆల్ఫాకే బిగించింది 2007లో చెన్, వైట్ ప్రకటించిన పీడీపీ. అందులో సబ్‌స్ట్రేట్‌తో పోల్చి మోల్ లెక్కన 5 శాతం ఐరన్, 50 శాతం ఎసిటిక్ ఆమ్లం, 1.2 తుల్యాంకాల పెరాక్సైడ్, ఈ మోతాదుని 10 నిమిషాల తేడాతో మూడు విడతలు ఇస్తారు. ఎసిటిక్ ఆమ్లం ఖాళీల్లో ఒకదానిలో కూర్చుని పెరాక్సైడ్ విరగడానికి తోడ్పడుతుంది.

అమీన్ నైట్రోజన్ల మీది మిథైళ్లని మాత్రం తీయకండి. ఎన్-హెచ్ మిగిలితే లిగాండే ఇమీన్‌గా ఆక్సీకరణ చెందుతుంది.

ఫాస్ఫీన్_చెంచా
చివరి పరీక్షకి సిస్-1,2-డైమిథైల్‌సైక్లోహెక్సేన్ పెట్టండి. టెర్షియరీ (మూడు కార్బన్లకు అంటుకున్న కార్బన్ మీది) ఆల్కహాల్‌లో సిస్ అమరిక 90 శాతం పైన నిలిస్తే ఆల్కైల్ రాడికల్ బయట తిరగలేదని అర్థం. అడమాంటేన్‌తో కూడా చూడొచ్చు, కాకపోతే ఎసిటోనైట్రైల్‌లో సరిగా కరగదు, 1000 తుల్యాంకాలు పట్టవు. హైడ్రాక్సిల్ రాడికల్‌కి టెర్షియరీ/సెకండరీ ఎంపిక 2 చుట్టూ తిరుగుతుంది, బిపిమెన్‌కి 15 దాకా రావాలి. సెకండరీ ఉత్పత్తుల్లో అడమాంటనోన్‌ని కూడా కలపాలి, టెర్షియరీ/సెకండరీ నిష్పత్తిని 3తో గుణించడం మర్చిపోతే ఈ అంకె తప్పుతుంది. టెర్షియరీ హైడ్రోజన్లు 4, సెకండరీవి 12.