అప్‌డేట్: ఆత్మనిగ్రహాన్ని ప్రశ్నావళితో కొలవాలా, ప్రవర్తనతోనా?

ఆత్మనిగ్రహ లోపానికీ నేరానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే నా సిద్ధాంత వ్యాసంలో ఏ కొలమానం వాడాలని గతంలో అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చివరికి 1993లో గ్రాస్మిక్ బృందం రూపొందించిన 24 ప్రశ్నల కొలమానాన్నే ఎంచుకున్నాను. తొందరపాటు, సులువైన పనులపై మొగ్గు, సాహసాల మోజు, శారీరక చర్యలపై ఇష్టం, స్వార్థం, ముక్కోపం అనే ఆరు అంశాలు అందులో ఉన్నాయి. వీటిలో శారీరక చర్యల అంశం మిగతావాటితో అంతగా పొసగదన్న విమర్శ నాకూ సబబుగానే తోస్తోంది (రోజూ కబడ్డీ ఆడేవాడికి నిగ్రహం తక్కువని ఎలా అనగలం?), కాబట్టి దాన్ని విడిగా విశ్లేషిస్తాను.

ప్రవర్తన ఆధారిత కొలతలే మేలని ఆత్మనిగ్రహ లోపమే నేరానికి మూలమన్న సిద్ధాంతాన్ని 1990లో ప్రతిపాదించిన గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షి స్వయంగా వాదించినా, నేను వెనుకాడటానికి కారణం నేరశాస్త్రవేత్త ఏకర్స్ 1991లో లేవనెత్తిన అభ్యంతరం: మద్యపానం, దుడుకు డ్రైవింగ్ వంటి పనులతో నిగ్రహాన్ని కొలిచి, అలాంటి పనులనే దానితో వివరించబోతే వాదన తన చుట్టూ తానే తిరుగుతుంది. పైగా 2000లో ప్రాట్, కలెన్ ఎన్నో అధ్యయనాల ఫలితాలను కలిపి చేసిన సమగ్ర విశ్లేషణలో ఏ రకం కొలతతోనైనా నిగ్రహ లోపానికీ నేరానికీ సంబంధం కనిపించింది, అయితే దీర్ఘకాలిక అధ్యయనాల్లో అది బలహీనపడింది.

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972–73లో పుట్టిన సుమారు వెయ్యిమందిని 32 ఏళ్ల వయసు వరకు గమనించిన అధ్యయనం, నిగ్రహాన్ని కొలవడానికి పరిశీలకులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పిల్లలు ఇచ్చిన అంచనాలను కలిపి వాడింది. ఒక్కడి నోటిమాటపై ఆధారపడని ఆ పద్ధతే ఉత్తమమని ఒప్పుకుంటాను, కానీ ఒక్క ఏడాది గడువున్న నాకు అది అందని ద్రాక్షే.