తిరువనంతపురంలో ఒక రోజు: గుడిలో చొక్కా విప్పాలనే నియమం ఇంకా ఉండాలా?

కృష్ణలంక_కుర్రాడు

మొన్న నేనూ మా ఆవిడా తిరువనంతపురం వెళ్ళాం. చేతిలో ఉన్నది ఒక్క రోజే. పొద్దున్నే అనంతపద్మనాభస్వామి దర్శనం, అది కాగానే పక్కనున్న కుతిరమాలిక ప్యాలెస్, మధ్యాహ్నం నేపియర్ మ్యూజియం, సాయంత్రం శంఖుముఖం బీచ్. చూసినవన్నీ బాగున్నాయి. కానీ పొద్దున మొదలైన ఒక వాదన బీచ్ దాకా మాతోనే వచ్చింది. మా ఇద్దరి మధ్య తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం: ఆ గుడిలో మగవాళ్ళు పంచె కట్టుకోవాలి, ఒంటి మీద చొక్కా, బనియను ఉండకూడదు. ఆడవాళ్ళకు చీర గానీ లంగావోణీ గానీ. చుడీదార్‌తో వస్తే దాని మీదే పంచె చుట్టుకుని లోపలికి వెళ్ళాలి. ఫోన్లు బయటే. ఇవన్నీ వెళ్ళకముందే తెలుసు, అక్కడెవరూ మమ్మల్ని ఏమీ అనలేదు.

నేననేది ఏంటంటే, స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని వస్తే దేవుడికి చాలదా? నలుగురిలో ఒంటి మీద బట్ట లేకుండా నిలబడితే నా మనసు దర్శనం మీద ఉండదు, నా మీదే ఉంటుంది. మా ఆవిడ ఏమంటుందంటే, ఒకళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పద్ధతి పాటిస్తాం కదా, బీచ్‌లో చొక్కా విప్పి ఫొటో దిగిన మనిషికి గుడిలో సిగ్గెందుకు అని. పొట్ట కొంచెం ఉన్న మాట నిజమే, అది వేరే విషయం.

నియమం ఉండాలా, పోవాలా? కారణాలతో చెప్పండి.

టీ_టైమ్

పొట్ట సంగతి నువ్వే బయటపెట్టావు కాబట్టి కేసు కొట్టేశారు బ్రో.

శ్రీశైలం_శర్మ

ఉండాలి. గుడిని మనం చూడటానికి వెళ్ళే స్థలంగా అనుకున్నప్పుడే ఈ ప్రశ్న వస్తుంది. అది స్వామి ఇల్లు. 1750లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ తన రాజ్యం మొత్తాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టి, అప్పటినుంచి పద్మనాభదాసుడిగానే పాలించాడు. తర్వాతి రాజులందరూ అదే పేరుతో ఉన్నారు. గర్భగుడి ముందు ఒకే రాయితో చేసిన ఒట్టక్కల్ మండపం చూసే ఉంటారు. దాని మీద సాష్టాంగపడితే ఆ మనిషి స్వామి సొత్తు అయిపోయినట్టేనని నమ్మకం. అందుకే అక్కడ రాజు తప్ప ఇంకెవరూ సాష్టాంగపడరు. (ఆ రాయి తెచ్చిన చోటు పేరు కూడా తిరుమలే. మన తిరుమల కాదు, ఆ ఊరి దగ్గర్లోదే.)

రాజే దాసుడిగా వచ్చిన చోట మనం చొక్కా విప్పడానికి లెక్కలేసుకోవడమేంటి? మన శ్రీశైలంలో స్పర్శదర్శనానికి పంచె, కండువాతో వెళ్తాం. అప్పుడు ఎవరికీ హక్కులు గుర్తురావు, కేరళ వెళ్ళినప్పుడే వస్తాయి.

కళక్కూటం_తెలుగోడు

తిరువనంతపురం ఐటీ పార్కు టెక్నోపార్క్‌లో పని, ఇక్కడే కాపురం. ఈ వాదన తెలుగువాళ్ళు మొదలుపెట్టింది కాదని ముందు చెప్పాలి. 2024 డిసెంబరు 31న శివగిరి తీర్థయాత్ర సభలో, సంఘ సంస్కర్త నారాయణ గురు స్థాపించిన శ్రీ నారాయణ ధర్మ సంఘం ట్రస్టు అధ్యక్షుడు స్వామి సచ్చిదానంద ఈ ఆచారం ఆపాలని బహిరంగంగా అన్నారు. లోపలికి వచ్చినవాడికి జంధ్యం ఉందో లేదో చూడటానికే ఇది మొదలైందని ఆయన వాదన. వేదిక మీదే ఉన్న అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఆ మాటను సమర్థించారు. నాయర్ల సంఘం ఎన్‌ఎస్‌ఎస్ (నాయర్ సర్వీస్ సొసైటీ) ప్రధాన కార్యదర్శి సుకుమారన్ నాయర్ మాత్రం గట్టిగా వ్యతిరేకించారు. ఆ తర్వాత మా ఆఫీసు క్యాంటీన్‌లో కొన్నాళ్ళు ఇదే టాపిక్. ఇద్దరు మలయాళీలు ఒక మాట మీద ఉంటే ఒట్టు.

నా మటుకు నాకు చొక్కా పెద్ద విషయం కాదు. ఈ ఊరి ఉక్కకు అది లేకపోతేనే హాయి.

చరిత్ర_పిచ్చి

ఒకళ్ళింటి పద్ధతి అని మీ ఆవిడ గారు అన్నారు. ఆ ఇంటి పద్ధతి ఎలా పుట్టిందో చూడకుండా పాటిస్తే ఎలా?

పాత తిరువాన్కూరులో పై బట్ట తీయడం భక్తికి మాత్రమే గుర్తు కాదు. తనకంటే పైవాళ్ళు ఎదురైనప్పుడు ఛాతీ కప్పుకోకుండా ఉండటమే మర్యాద. దేవుడి ముందు, రాజు ముందు, పై కులంవాళ్ళ ముందు అదే వరస. నాడార్ కులం ఆడవాళ్ళు రవిక వేసుకుంటామంటే కొట్టారు, బట్టలు చింపారు. దశాబ్దాల పోరాటం తర్వాత 1859 జులైలో గానీ వాళ్ళు పైన కప్పుకోవచ్చని రాజు ప్రకటన రాలేదు. అది కూడా అగ్రవర్ణ స్త్రీల తరహాలో కప్పుకోకూడదనే షరతుతో!

అదే రాజ్యంలో 1936 నవంబరు 12న రాజు చిత్తిర తిరునాళ్ ఆలయ ప్రవేశ ప్రకటన ఇచ్చేదాకా లక్షలాది కింది కులాల హిందువులకు ఈ గుడిలో అడుగుపెట్టే వీలే లేదు. వైక్కంలో అయితే అక్కడి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడానికే 1924లో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. శర్మ గారూ, రాజే దాసుడన్నారు. బాగుంది. అదే దాసుడి రాజ్యంలో గుడి బయటే ఆగిపోయినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి కదా.

అంచేత ఇప్పుడు ఒంటి మీద బట్ట తీయమని అడిగినప్పుడు, అందరికీ అది వినయంలాగే వినపడదు. మీకు, నాకు వినపడొచ్చు. తాత ముత్తాతలకు అదే పని బలవంతంగా చేయించిన ఇంటి మనిషికి వేరేగా వినపడుతుంది.

శ్రీశైలం_శర్మ

చరిత్ర గారూ, మీరు చెప్పినవి కాదనను. కానీ మీ ఉదాహరణే నా వైపు పనిచేస్తోంది. 1936లో తలుపులు తెరిచింది ఎవరు? ఆ సంప్రదాయానికి పెద్దగా ఉన్న రాజే. ఒక్క రోజు టూరుకు వచ్చి, మధ్యాహ్నానికి మ్యూజియంలో ఉండే మనం కాదు. మార్పు లోపలినుంచి రావాలి. ఇంకోటి, ఇప్పుడు చొక్కా లేకుండా నిలబడ్డవాళ్ళలో ఎవరికి జంధ్యం ఉందని ఎవరు చూస్తున్నారు? అందరూ ఒకే తీరున ఉంటే కంపెనీ మేనేజరు, ఆటో డ్రైవరు తేడా తెలియదు. పుట్టుక ఏదైనా, ఇప్పుడు అది సమానత్వాన్నే ఇస్తోంది.

చరిత్ర_పిచ్చి

చొక్కా తీస్తే జీతం కనపడదు, నిజమే. జంధ్యం మాత్రం కనపడుతుంది. ఎవరూ చూడటం లేదంటున్నారు, చూడనప్పుడు తీయించడం ఎందుకు?

లోపలినుంచి రావాలన్నారు కాబట్టి, స్వామి సచ్చిదానంద బయటివారా? నారాయణ గురు పరంపరలో ఉన్న సన్యాసి ఆయన. ఆ పరంపరకు చెందిన కొన్ని గుళ్ళలో చొక్కా నియమం ఇప్పటికే తీసేశారు. అక్కడ దేవుడేమీ అలిగి వెళ్ళిపోలేదు.

కాకినాడ_అమ్మాజీ

మగవాళ్ళు చొక్కా గురించి ఇంతసేపు కొట్టుకుంటున్నారు గానీ, మా సంగతి ఎవరైనా అడిగారా బాబూ?

2016 నవంబరు చివర్లో ఆ గుడి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు చుడీదార్‌తో నేరుగా రావచ్చని ఆర్డరు వేశాడు. బయట ధర్నాలు. పట్టుమని పది రోజులు తిరక్కుండానే హైకోర్టు కొట్టేసింది. ఆచారాల విషయంలో తంత్రి (గుడి ప్రధాన పురోహితుడు) మాటే చివరి మాట, ఆఫీసరు మార్చడానికి వీల్లేదని. అదే కేరళలో గురువాయూరులో 2007లోనే చుడీదార్‌కు ఒప్పుకున్నారు. మరి అక్కడ కృష్ణుడు, ఇక్కడ పద్మనాభుడు, ఇద్దరూ విష్ణువే కదా! ఒక చోట సరైనది ఇంకో చోట తప్పెలా అయింది? శర్మ గారు దీనికి జవాబు చెప్పాలి.

పోనీ ఒళ్ళు కప్పుకోవడమే ముఖ్యమంటే, చుడీదార్ కంటే నిండుగా కప్పేది ఏముంది? దాని మీద ఒక పంచె చుట్టి, అది జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తీర్థం తీసుకోవాలి. నేను చేశాను కాబట్టి చెబుతున్నా. అక్కడ కనిపించిన ఆడవాళ్ళలో సగం మందివి ఇవే పాట్లు.

శ్రీశైలం_శర్మ

అమ్మాజీ గారూ, ఒక్కో క్షేత్రానికి ఒక్కో తంత్రి, ఒక్కో పద్ధతి. తిరుమలలో ఆర్జిత సేవకు ఒక పద్ధతి, మా ఊరి రామాలయంలో ఒక పద్ధతి. దేవుడు ఒక్కడే అయినా నైవేద్యం అన్ని చోట్లా ఒకటి కాదు కదా. పంచె జారిపోవడానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు, చీర కట్టుకోండి అంటే తంతారు.

మల్కాజిగిరి_మహేశ్

మీరంతా లోపలికి వెళ్ళినవాళ్ళు, అందుకే బట్టల గొడవ. నాతో వచ్చిన ఫ్రెండ్ క్రిస్టియన్. హిందువులు కానివాళ్ళకు అక్కడ ప్రవేశం లేదు కాబట్టి వాడు గోపురం చూస్తూ బయటే కూర్చున్నాడు. అలిగాడనుకునేరు, హాయిగా టీ తాగుతున్నాడు. తర్వాత ఊళ్ళోనే ఉన్న పాళయం తీసుకెళ్ళాను. మసీదు, చర్చి, గణపతి గుడి దగ్గర దగ్గరే ఉంటాయి అక్కడ. ఆ ఊరిని ఒక్క గుడితో లెక్కగట్టకండి అన్నా.

కృష్ణలంక_కుర్రాడు

ఇంత చదివాక ఒక్కటి మాత్రం చెప్పగలను. నాకు ఇబ్బంది అనిపించింది ఒంటి సిగ్గు వల్లే, దానికి చరిత్రతో సంబంధం లేదు. కానీ చరిత్ర గారు చెప్పిన కారణం నాకున్న కారణం కంటే చాలా బలమైనది. నా సిగ్గు కోసం నియమం మార్చమనడం అన్యాయం. ఆ రెండో కారణం కోసం మార్చమంటే మాత్రం నేను సంతకం పెడతా.

మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది. తనే రాస్తానంటోంది, ఫోను లాక్కుంది.

కృష్ణలంక_కుర్రాడు (ఇప్పుడు నేను, వాళ్ళావిణ్ణి)

అందరికీ నమస్కారం. ఈయన నా మాటను సగమే చెప్పారు. నేను నియమం పవిత్రం అనలేదు. రోజులో మూడు గంటలు వేరేవాళ్ళ చోటులో ఉన్నప్పుడు, ఆ మూడు గంటలూ మన ఇష్టాయిష్టాలు పక్కన పెడితే నష్టమేంటి అన్నాను. కుతిరమాలికలో చెప్పులు బయట విడిచి, గైడు పిలిచినప్పుడే కదిలి, ఆగమన్నప్పుడు ఆగారు. అక్కడ ఒక్క మాట అనలేదు. చూరు కింద చెక్కిన 122 గుర్రాలను నోరు తెరుచుకుని చూశారు. ఆ ప్యాలెస్ కట్టించిన రాజు స్వాతి తిరునాళ్ తెలుగులో కూడా కృతులు రాశాడని గైడు చెబితే ఆయనేదో మన కృష్ణలంక మనిషన్నట్టు మురిసిపోయారు. గుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం హక్కులు.

కానీ అమ్మాజీ గారి మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేను చీరలో వెళ్ళాను కాబట్టి నాకు సులువైంది. నియమం సులువుగా పాటించగలిగినవాళ్ళం దాన్ని సమర్థించడం కూడా సులువే, అది ఒప్పుకుంటా. స్వామి మాత్రం మూడు తలుపుల్లోంచి కనపడతాడు. ఒక దాంట్లో ముఖం, ఒక దాంట్లో నాభి, ఒక దాంట్లో పాదాలు. వెనకవాళ్ళు తోస్తుంటే మూడూ చూసుకునేటప్పుడు పక్కనున్నవాళ్ళు ఏం కట్టుకున్నారో నేనైతే చూడలేదు. ఈయన చూశారు, ఎందుకంటే తన పొట్టను ఎవరు చూస్తున్నారో చూసుకుంటున్నారు.

టీ_టైమ్

కేసు మళ్ళీ కొట్టేశారు.

అయ్యప్ప_బ్యాచ్_గుంటూరు

మేము మాలలో ఉన్నప్పుడు శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తాం, దారిలో ఈ గుడి తప్పనిసరి. మాకు పంచె, ఉత్తి ఒళ్ళు అప్పటికే అలవాటు కాబట్టి ఈ ప్రశ్నే రాలేదు. చర్చ బాగుంది. కొత్త జంటలకు పనికొచ్చే టిప్స్ ఎవరైనా రాయండి, ఇంతసేపు కొట్టుకున్నందుకు అదైనా మిగులుతుంది.

కళక్కూటం_తెలుగోడు

రాస్తున్నా. సోమవారం రావద్దు. ఆ రోజు మ్యూజియం, జూ, కుతిరమాలిక మూడూ మూత. గుడి మధ్యాహ్నం మూసి మళ్ళీ సాయంత్రమే తీస్తారు, కాబట్టి పొద్దున్నే గుడి, తర్వాతే తిరగడం. పంచె ఇంటినుంచే తెచ్చుకోండి, గుడి ఎదుట అడిగిన ధరకు కొనాల్సిన అవసరం రాదు. అమ్మాజీ గారి లాంటివాళ్ళు ఒక బెల్టు కూడా తెచ్చుకోండి, పంచె జారదు.

శర్మ గారికి, చరిత్ర గారికి ఒక మాట. వీలైతే ఆరాట్టు (స్వామికి సముద్రస్నానం) రోజున రండి, పైంకుని ఉత్సవానికో అల్పశి ఉత్సవానికో. స్వామి ఊరేగింపు శంఖుముఖం బీచ్‌కు వెళ్ళే దారిలో ఎయిర్‌పోర్టు రన్‌వే ఉంది. ఆ రోజు కొన్ని గంటలు విమానాలు ఆపేసి, రన్‌వే మీదుగానే ఊరేగింపును పంపిస్తారు. ఎయిర్‌పోర్టు 1932 నాటిది, ఊరేగింపు దారి అంతకంటే చాలా పాతది. ఇది చూపించి ఆచారం కోసం లోకం సర్దుకుంటుందని ఒకరు, ఆచారం కూడా తారు రోడ్డు మీదికి, రన్‌వే మీదికి వచ్చి సర్దుకుందని ఒకరు వాదించుకోవచ్చు. ఫ్లైట్ టికెట్ మాత్రం ఆ టైముకు బుక్ చేసుకోకండి.