సత్తు షర్బత్‌కు ఇంట్లో పుట్నాలు సరిపోతాయా?

ప్రశ్న (తిరుపతి): మా ఆయన శ్రీసిటీలో పనిచేస్తారు. తోటి బీహార్ వాళ్ళు ఎండలకు సత్తు కలుపుకుని తాగుతూ ఈయనకూ ఇచ్చారట. ఇప్పుడు ఇంట్లోనూ కావాలంటున్నారు. ఆన్‌లైన్‌లో రేటు చూస్తే కొనబుద్ధి కాలేదు. శనగపిండి వేయించి కలపచ్చా? పుట్నాల పొడి అయితే ఉండలు కడుతుందేమో?

జవాబు: శనగపిండి జోలికి పోవద్దక్కా. అది పచ్చి పప్పు ఆడించింది. పైపైన వేయిస్తే పచ్చివాసన పోదు, గట్టిగా వేయిస్తే మాడుతుంది.

సత్తు అంటే వేడి ఇసుకలో వేయించిన నాటు శనగల పిండి. మన పుట్నాలూ వేగిన శనగలే, కాకపోతే పొట్టు తీసేస్తారు. నిశ్చింతగా వాడండి. పీచు కూడా కావాలంటే బొరుగుల అంగట్లో పొట్టుతో వేయించిన శనగలు, ఉప్పు పట్టించనివి అడిగి తెచ్చి సగం కలపండి. నాకు ఆ రుచే ఇష్టం.

బాణలి వేడెక్కాక స్టవ్ ఆపేసి, పుట్నాలు అందులో వేసి కాసేపు తిప్పితే చెమ్మ పోతుంది. చల్లారాక మిక్సీలో ఆపి ఆపి పట్టండి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి పొడి అంచులకు అంటుకుపోతుంది. జల్లించి, మిగిలిన రవ్వను మళ్ళీ వేయండి. తాగేటప్పుడు గొంతులో గరగరలాడేది ఆ రవ్వే.

గ్లాసుకు రెండు పెద్ద చెంచాల పొడి చాలు. ఒకేసారి గ్లాసెడు నీళ్ళు పోస్తేనే ఉండలు కట్టేది. ముందు కొద్దిగా నీళ్ళు పోసి దోసెపిండిలా జారుగా కలిపి, తర్వాత కుండనీళ్ళు పోయండి. ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, అరచెక్క నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర. నల్లుప్పు ఉంటే ఇంకా బాగుంటుంది. అడుక్కి దిగిపోతుంది కాబట్టి చెంచా గ్లాసులోనే ఉంచుకోవాలి.

మరొకరు (చిత్తూరు): నేను నీళ్ళకు బదులు పలచటి మజ్జిగ పోస్తా, నిమ్మకాయ వేయను. మా అత్తకు షుగర్, అందుకే బెల్లం మానేసి ఉప్పుదే ఇస్తున్నాం. రాగి అంబలి ఉండగా ఇదెందుకే అని ఆమె గొణుగుడు!

జవాబు: ఆమె మాటా నిజమే, ధాన్యాల్లో కాల్షియంకు రాగులను మించింది లేదు. ప్రోటీన్ మాత్రం వేయించిన శనగల్లో 100 గ్రాములకు 20 దాకా ఉంటుంది, రాగుల్లో 7 చిల్లర. ఒకపూట అది, ఒకపూట ఇది తాగమనండి. కడుపుబ్బరం ఉన్నవాళ్ళు ఒక చెంచాతో మొదలుపెట్టాలి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. పొద్దున్నే కలిపి బాటిల్‌లో పోసి పంపచ్చా?

జవాబు: వద్దక్కా, మధ్యాహ్నానికి పులుస్తుంది, ఉల్లిపాయ వాసన మూత తీయనివ్వదు. పొడిలోనే ఉప్పు, జీలకర్ర కలిపి చిన్న డబ్బాలో పెట్టి, ఒక నిమ్మచెక్క విడిగా ఇవ్వండి. అక్కడే కలుపుకుంటారు. మిగతా పొడి గట్టి మూత సీసాలో, ఫ్రిజ్‌లో. ముక్కవాసన వస్తే పారేయండి.