డ్రైన్ పని మధ్యలో ఆగిపోయింది, అసెంబ్లీలో ప్రశ్న వేయిస్తే ఏమైనా అవుతుందా? బెంగళూరులో ఎవరికైనా అనుభవం ఉందా?

రింగ్‌రోడ్డు_వాసి
అందరికీ నమస్తే. మాది ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర లేఅవుట్, సగం ఇళ్లు మనోళ్లవే, కడప, అనంతపురం, నెల్లూరు అన్నీ ఉన్నాయి. డ్రైన్ కోసం ఇళ్ల ముందు తవ్వి పద్నాలుగు నెలలైంది, కొంత దూరం గోడలు కట్టారు, స్లాబులు వేయలేదు, కాంట్రాక్టర్ మాయం. గేటు దాటాలంటే చెక్క పలక మీద నడవాలి. మొన్న వానలో డెలివరీ అబ్బాయి బండితో సహా అందులో పడ్డాడు, ఏదో దేవుడి దయ వల్ల మోకాలు దోక్కుపోవడంతో సరిపోయింది. యాప్‌లో కంప్లయింట్ పెడితే మూడోరోజుకి క్లోజ్ చేసేశారు, వాళ్లు పెట్టిన ఫోటో చూస్తే అది మా వీధే కాదు. కార్పొరేటర్‌ని పట్టుకుందామంటే ఉంటేగా, పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్ 10తో అయిపోయింది, 2025 సెప్టెంబర్‌లో ఊరిని ఐదు కార్పొరేషన్లు చేసినప్పుడు కూడా అందులో ఎన్నికైన మనిషి ఒక్కడూ లేడు. మా పై ఫ్లోర్ అంకుల్ ఏమో అసెంబ్లీలో ప్రశ్న వేయిద్దాం అంటున్నారు. డ్రైన్ స్లాబ్ గురించి విధానసౌధలో ప్రశ్నా అని నాకు నవ్వొచ్చింది. నిజంగా ఎవరైనా చేశారా?

అనంతపురం_అబ్బి
నవ్వాకు అన్నా, మాది అట్లనే అయింది. మాది బెంగళూరులో కలిపిన 110 పల్లెల్లో ఒకటి, నీళ్ల పైపులకని రోడ్డు తవ్వి మళ్లీ వేయకుండా పోయినారు. మొదట ఎమ్మెల్యే దగ్గరికే పోతిమి. చేపిస్తా అన్యాడు, లెటర్ కూడా ఇచ్చినాడు, ఆ లెటర్ తీసుకపోయి ఇంజినీర్‌కి ఇస్తే ఆయప్ప టేబుల్ సొరుగు తీసి దాంట్లో ఏసినాడు, అప్పటికే అట్లాంటివి ఒక కట్ట ఉండాయి. అధికార పార్టీ ఎమ్మెల్యే ఆయన, సొంత ప్రభుత్వాన్ని సభలో నిలబడి ఏం అడుగుతాడు చెప్పు. అప్పుడు ఎవరో చెప్తే ప్రతిపక్షం ఎమ్మెల్సీ ఒకాయన్ని కలిసినాం. పేరు వద్దులే. ఆయన పీఏ అడిగిన మొదటి మాట ఏంది తెల్సా, "జాబ్ నంబర్ ఎంత?" అని, అంటే ఆ పనికి ఆఫీసులో ఇచ్చిన నంబర్. మేం ఫోటోలు, వీడియోలు, డెబ్బై సంతకాలు అన్నీ తీస్కపోయినాం గానీ ఆ నంబర్ లేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చినాం.

మారతహళ్ళి_మావయ్య
ఎవరు అడిగినా అంతే బ్రదర్. మా ఏరియా ప్రజాప్రతినిధి సభలో రెండు నిమిషాలు ఆవేశంగా మాట్లాడారు, దానికి మ్యూజిక్ కొట్టి రీల్ వదిలారు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అందరూ దండాలు పెట్టారు. రోడ్డు మాత్రం అక్కడే ఉంది. ఈజీపుర ఫ్లైఓవర్ సంగతి తెలిసిందే కదా, రెండున్నర కిలోమీటర్లు, 2017లో మొదలు. ఎంతమంది ఎన్నిసార్లు అడిగారో, స్తంభాలు ఏళ్లకేళ్లు అలా మొండిగా నిలబడే ఉండిపోయాయి.

రిటైర్డ్_ఈఈ
నేను వేరే జిల్లాలో వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరై పిల్లల దగ్గర బెంగళూరులో ఉంటున్నా. సభలో ప్రశ్నలకి జవాబులు రాసిన చేతులు ఇవి, కాబట్టి లోపలి సంగతి చెప్తాను. స్టార్ ప్రశ్న అంటే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద ఉపప్రశ్న వేయొచ్చు. స్టార్ లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. టీవీలో కనిపించేది మొదటిది. మీలాంటి వీధి పనులకి రెండోదే మేలు, ఎందుకంటే అక్కడ అంకెలు రాసివ్వక తప్పదు.

అయితే ఒక కిటుకు ఉంది. ప్రశ్న సచివాలయం నుంచి డిపార్ట్‌మెంట్‌కి, అక్కడి నుంచి చీఫ్ ఇంజినీర్, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్), ఆయన కింద ఏఈఈ, చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గరికి దిగుతుంది. అంటే మంత్రి సంతకంతో వచ్చే జవాబుని రాసేది మీరు ఎవరి మీద కంప్లయింట్ ఇచ్చారో ఆ మనిషే! "పని ఎప్పుడు పూర్తి చేస్తారు" అని అడిగారనుకోండి, "త్వరలో" అని రాస్తాడు, రాత్రి హాయిగా నిద్రపోతాడు. మేమూ అదే రాశాం, దాచడం ఎందుకు. "మెజర్‌మెంట్ బుక్‌లో (అంటే పని కొలతలు రాసే పుస్తకంలో) ఏ తేదీన ఎన్ని మీటర్లు రికార్డు చేశారు, ఎంత బిల్లు చెల్లించారు" అని అడిగితే మాత్రం ఏఈకి చెమట పడుతుంది. తప్పు అంకె రాసి పంపితే సభని తప్పుదోవ పట్టించినట్టు, అది హక్కుల ఉల్లంఘన దాకా వెళ్లగలదు.

అనంతపురం_అబ్బి
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. మాది మిగతాది చెప్తా. ఆర్టీఐ ఏసినాం, పది రూపాయలు ఫీజు, కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, నూటాయాభై పదాల లోపల రాయల్ల, మనోళ్లు పురాణం రాసి రిజెక్ట్ చేపించుకుంటారు, జాగ్రత్త. ముప్పై రోజుల గడువు దాటి ఇంకో పది రోజులకి జాబ్ నంబర్, ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్ వచ్చినాయి. అది తీసుకపోయి ఎమ్మెల్సీ పీఏకి ఇస్తే తర్వాతి సెషన్‌లో స్టార్ లేని ప్రశ్న పడింది. జవాబులో ఏమని రాసినారు, పని 85 శాతం అయిపోయిందంట. నేలమీద సూస్తే సగం వీధి గూడా లేదు! ఆ కాగితం జిరాక్స్, పక్కనే టేపు పెట్టి కొలిచిన ఫోటో, రెండూ పెట్టి మళ్లీ అర్జీ ఇచ్చినాం. అయిదో రోజుకి జేసీబీ వచ్చింది. అన్ని రోజులు మేం తిరిగినాం, అప్పుడు ఇంజినీరే మా ఇంటికొచ్చి కాఫీ తాగినాడు.

కేఆర్‌పురం_కోడలు
ఇంకో మాట ఎవరూ చెప్పట్లేదు. జవాబులు శాసనసభ వెబ్‌సైట్‌లో పెడతారు కానీ అంతా కన్నడలో. నేను గుంటూరు నుంచి వచ్చి ఆరేళ్లైంది, అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా అని కూడబలుక్కుని చదువుతా. స్టార్ ప్రశ్నని చుక్కె గురుతిన ప్రశ్నె అంటారు, కామగారి అంటే పని. మా వీధి గురించి వెతికితే "కామగారి ప్రగతియల్లిదె" అని ఉంది, ప్రగతి అన్న మాట చూసి మా ఆయన మనకి మంచిరోజులొచ్చాయన్నారు. మా అత్తగారు పుట్టి పెరిగింది ఇక్కడే, ఆవిడ నవ్వి, నాలుగేళ్లుగా అదే రాస్తున్నారే, పని జరుగుతోంది అని అర్థం, అన్నారు. ఇంకోటి, అసలు వివరాలు "అనుబంధ"లో ఉంటాయని రాస్తారు, కింద చూస్తే కొన్నిసార్లు ఆ అనుబంధం స్కాన్ చదవడానికే రాదు. ప్రశ్న వేసిన సభ్యుడి ఆఫీసులో అసలు కాపీ ఉంటుంది, వెళ్లి అడిగితే ఇచ్చారు.

మారతహళ్ళి_మావయ్య
సరే, అయిదో రోజు జేసీబీ సంగతి ఒప్పుకుంటా. కానీ మాకు ఎమ్మెల్యే ఆఫీసులో మొదటి ప్రశ్నే ఇది: "ఓటు ఎల్లిదె?", అంటే ఓటు ఎక్కడుంది అని. మా టవర్‌లో సగం మందికి ఓటు ఊళ్లోనే. 2024లో ఏప్రిల్ 26న బెంగళూరులో పోలింగ్ అంటే లాంగ్ వీకెండ్‌కి కూర్గ్ వెళ్లారు, అదే మే 13కి ఆంధ్రాలో అంటే బస్సు టికెట్ రెండు వేలు పెట్టి మరీ వెళ్లారు. నేనూ వెళ్లా. ఆ పీఏ అడిగితే ఏం చెప్పాలి?

పాత_బెంగళూరు
మా తాత కాలం నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. వోట్ ఇక్కడికి మార్చుకోండి మారాయా, పన్ను ఇక్కడే కడతారు కదా. ఇంకో దారీ ఉంది. పరిషత్తులో, అంటే శాసనమండలిలో, పట్టభద్రుల సీటు ఉంటుంది, డిగ్రీ అయి మూడేళ్లు దాటి ఇక్కడ ఉండేవాళ్లు ఫారం 18 ఇస్తే చాలు. కానీ ఆ లిస్ట్ ప్రతి ఎన్నికకీ కొత్తగా రాస్తారు, పోయినసారి ఇచ్చాం కదా అని కూర్చుంటే పేరు ఉండదు. 2024 జూన్‌లో అయింది, ఆరేళ్లకి ఒకసారి. మన ఐటీ వాళ్లంతా డిగ్రీ వాళ్లే, ఎంతమంది నమోదు చేసుకున్నారు?

ఆడిట్ రిపోర్టుల మాట కూడా చెప్తా. బెంగళూరు వాననీటి కాలువల మీద కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్టు 2021లో సభ ముందు పెట్టారు. కోరమంగల లోయలో ఒకప్పుడు 113 కిలోమీటర్లున్న రాజకాలువె, అంటే పెద్ద వాననీటి కాలువ, 2016-17కి 62 చిల్లరకి వచ్చిందని అందులో ఉంది. మరుసటి ఏడు, 2022 సెప్టెంబర్‌లో, రింగ్ రోడ్డు పక్కన విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్లలో తెచ్చారు కదా. అంతా ముందే రాసి పెట్టి ఉంది. అది చదివి, ఏ కాలువ ఎక్కడ మాయమైంది, తర్వాత ఏం చేశారు అని వరసగా అడిగే సభ్యులు కావాలి. కేకలు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

రిటైర్డ్_ఈఈ
పాత బెంగళూరు గారు మంచి పాయింట్ ఎత్తారు. కాగ్ రిపోర్టులు పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళ్తాయి. మంత్రి సభలో "చేయిస్తాం" అని మాటిచ్చాడా, అది హామీల కమిటీ ఖాతాలో పడుతుంది, తీరేదాకా డిపార్ట్‌మెంట్‌ని అడుగుతూనే ఉంటారు. కమిటీ గదిలో కెమెరా ఉండదు కాబట్టి రీల్ రాదు, అందుకే జనానికీ తెలీదు. మాకు మాత్రం కమిటీ పిలిచిందంటే రెండు రోజులు అన్నం సయించేది కాదు.

రింగ్‌రోడ్డు_వాసి
అప్‌డేట్ (ఏడు వారాల తర్వాత). ఆర్టీఐ జవాబు వచ్చింది. వర్క్ ఆర్డర్ ప్రకారం ఆరు నెలల్లో అయిపోవాలి. స్లాబులకి కూడా బిల్లు పాసైనట్టు ఉంది!! లేని స్లాబులకి. అంకుల్ చదివి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. మా ఎమ్మెల్యే ఆఫీసులో చూద్దాం అన్నారు, ఎమ్మెల్సీ ఒకరు నోటీసు ఇస్తామన్నారు, సెషన్‌కి రెండు వారాల ముందే పంపాలట. డ్రాఫ్ట్ ఇది, సార్ కాస్త చూడండి:
"ఫలానా జాబ్ నంబర్ పని ఎందుకు ఆలస్యమైంది, ప్రజల ఇబ్బందులు ప్రభుత్వం దృష్టికి వచ్చాయా, ఎన్ని మీటర్ల స్లాబు వేశారు, దానికి ఎంత చెల్లించారు, ఎప్పటికి పూర్తవుతుంది?"

రిటైర్డ్_ఈఈ
మొదటి రెండూ, చివరిదీ తీసేయండి. దృష్టికి వచ్చాయా అంటే "వచ్చింది" అని ఒక్క మాట రాసి తప్పించుకుంటారు. మీటర్లు, తేదీలు, చెల్లింపు, కొలత చెక్ చేసిన అధికారి హోదా, ఈ నాలుగే అడగండి. బిల్లు కాగితం మీ దగ్గర ఉందని అందులో రాయకండి. జవాబు వచ్చాక చూపిద్దురుగాని.

రింగ్‌రోడ్డు_వాసి
తీసేశా సార్. కన్నడలోకి మార్చాలట, కేఆర్‌పురం అక్కా, మీ అత్తగారు ఈ ఆదివారం ఖాళీయేనా?